మధ్యలో మానేస్తే మిగిలేదెంత?

జీవిత బీమా చేసినవాళ్ళకు “సరెండర్ విలువ” అన్న మాట కొత్త కాదు. కొన్నాళ్ళు వాయిదాలు కట్టి, ఆ పైన కట్టలేక పాలసీ వదులుకున్నవాడి చేతికి ఎంత వస్తుందో అదే ఆ విలువ. కొందరికి ఏదో ఇంత ముడుతుంది. కొందరికి కట్టిందంతా గోవిందా!

ఈ బీమా మాటను ఇంగ్లీషు చదువుకు తగిలించిన దొర ఒకాయన ఉన్నాడు. పేరు మైకేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండి, బెంగాలీ పిల్లల చదువు సంధ్యలను దగ్గరగా చూసి, 1926లో ద్విభాషా సమస్యపైన ఒక గ్రంథం ప్రకటించాడు. బడిలో చేరిన పిల్లల్లో చాలామంది కడదాకా చదవరు. పాఠాలు మాత్రం కడదాకా చదివేవాడి కోసమే తయారవుతాయి. మరి మూడేళ్ళు ఇంగ్లీషు చదివి మానేసిన కుర్రవాడికి దక్కిందేమిటి? నాలుగు వ్యాకరణ సూత్రాలు, పది కంఠస్థం పాఠాలు. తనంతట తాను ఒక చిన్న పుస్తకం చదివి ఆనందించగల శక్తి మాత్రం రాదు. అందుకని వెస్ట్ కొద్దిపాటి మాటలతో, కొత్త మాటలు ఒక్కసారిగా మీద పడకుండా, వాచకాలు రాయించాడు, తానూ రాశాడు.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఇంగ్లీషువారి గొడవ నీకెందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. కాలేజీలో నా బల్లకు ఎదురుగా కూర్చునే ఇంగ్లీషు లెక్చరరు గారు ఏడాదికొక శిక్షణకు వెళ్ళి వస్తారు. వచ్చేటప్పుడు మెళ్ళో ఒక బిళ్ళ, చేతిలో ఒక ఫైలు, నోట్లో ఒక కొత్త పద్ధతి పేరు. ఫలానా దేశపు నిపుణుడు వచ్చాడంటారు. ఫలానా దేశంతో ఒడంబడిక అంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఫైలు మీద కాఫీ గ్లాసు మరక తప్ప మరేమీ కనిపించదు. తప్పు ఆయనదని నేననను. ఇంగ్లీషు బోధనలో దేశాలు చేతులు కలిపిన కథ నూరేళ్ళనాటిది. అందులో ఏది నిలిచింది, ఏది కరిగింది అని చూస్తే మా మిత్రుడి ఫైలు సంగతి కూడా తేలుతుంది.

టోకియోలో పుట్టిన నిఘంటువు

మన ఇళ్ళలో హార్న్‌బీ గారి నిఘంటువు ఎరగని విద్యార్థి అరుదు. ఆక్స్‌ఫర్డు ముద్ర చూసి అది ఇంగ్లండులో పుట్టిందనుకుంటాం. అది పుట్టింది జపానులో! హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు పండితుడు 1923లో టోకియోలో ఇంగ్లీషు బోధనా పరిశోధన సంస్థను నెలకొల్పాడు. ఆ మరుసటి ఏడు జపానుకు పాఠాలు చెప్పుకోవడానికి వచ్చిన హార్న్‌బీ క్రమంగా ఆ పనిలో చేరాడు. ఏ క్రియ తరువాత ఏ మాట రావాలి, ఏ నామవాచకానికి బహువచనం ఉంది, దేనికి లేదు—ఇవి తెల్లవాడికి అడగనవసరం లేని ప్రశ్నలు. జపాను పిల్లవాడు తడబడితేగాని అవి ప్రశ్నలని తోచవు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే మరి ఇద్దరితో కలిసి హార్న్‌బీ కూర్చిన నిఘంటువు, యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1942లో, టోకియోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దాన్ని చేపట్టాక లోకమంతా పాకింది. హార్న్‌బీ ఆ రాబడిని ఒక్కడే అనుభవించలేదు. 1961లో ఒక ధర్మనిధి ఏర్పరచి, దేశదేశాల ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఉపకార వేతనాలు అందే ఏర్పాటు చేశాడు.

1934లో న్యూయార్కులో కార్నెగీ సంస్థ పిలుపున ఒక సమావేశం జరిగింది. పామర్, వెస్ట్, అమెరికా పండితుడు థార్న్‌డైక్ మొదలైనవారు కూర్చుని, కొత్తగా నేర్చుకునేవాడికి ముందు ఏ మాటలు కావాలని తర్కించారు. ఆ పని సాగి సాగి 1953లో సుమారు రెండువేల మాటల పట్టికగా వెస్ట్ పేరిట వెలువడింది. టోకియో తరగతీ, ఢాకా తరగతీ కలిస్తే ఆ పట్టిక అయింది.

మంచుముద్ద కథ

ఇక రెండో రకం. 1959 ప్రాంతాన మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ కౌన్సిల్ తోడ్పాటుతో పెద్ద ఉద్యమం ఒకటి లేచింది. లక్ష్యం—ఇంగ్లీషు మొదలుపెట్టే పిల్లలకు పాఠం చెప్పే 27,000 మంది ఉపాధ్యాయులకు మళ్ళీ శిక్షణ! అంతమందికి నిపుణులెక్కడ దొరుకుతారు? ముందు కొందరికి నేర్పితే, వారు మరికొందరికి, వారు ఇంకా కొందరికి నేర్పుతారు. దొర్లిన కొద్దీ పెరిగే మంచుముద్దలాగా అన్నమాట. ఆ పేరే దానికి స్థిరపడింది.

ఉద్దేశం గొప్పదే. కానీ మన ఎండలో మంచుముద్ద ఎంత దూరం దొర్లుతుంది? ఇలా చేతులు మారే శిక్షణకు ఒక రోగం ఉంది. మొదటివాడికి పద్ధతీ, దాని వెనక కారణమూ రెండూ అందుతాయి. రెండోవాడికి పద్ధతి అందుతుంది. చివరివాడికి మిగిలేది పెన్సిలు పైకెత్తి “దిస్ ఈజ్ ఎ పెన్సిల్” అనిపించడం. అది పెన్సిలేనని పిల్లవాడికి ముందే తెలుసు!

హైదరాబాదు, బెంగుళూరు

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసింది. భారత ప్రభుత్వానికి అమెరికా ఫోర్డ్ ఫౌండేషనూ, బ్రిటిష్ కౌన్సిలూ చేయూత నిచ్చాయి. చిత్రమేమంటే, తొలి రోజుల్లో ఆ ఇంగ్లీషు సంస్థకు డైరెక్టరుగా ఉన్నవారు కన్నడ మహాకవి వి. కృ. గోకాక్! తల్లిభాషలో కవి అయినవాడు పరాయిభాష బోధనకు పెద్దగా కూర్చోవడం శుభశకునమే. 1972లో అందులో ఇతర విదేశీ భాషలూ చేరాయి; 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. విదేశీ చేయూత మొదట్లోనిదైనా సంస్థ మనదిగా నిలిచింది.

1979లో బెంగుళూరులో ఎన్.ఎస్. ప్రభు మరో దారి తొక్కారు. వ్యాకరణ పాఠం పక్కన పెట్టి, పిల్లల ముందు రైళ్ళ వేళల పట్టికో, ఊరి పటమో పెట్టారు. “ఏ బండి ఎక్కితే చీకటి పడకముందే చేరతాం?” అని అడిగారు. లెక్క తేల్చే ధ్యాసలో పడితే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. అయిదేళ్ళపాటు బెంగుళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో ఇది నడిచింది. బయటివారిని పిలిచి పరీక్షింపజేశారు కూడా. ఫలితాలు మొత్తం మీద అనుకూలమే. అయితే వాక్య నిర్మాణాల పరీక్షలో పాతపద్ధతి పిల్లలే ముందున్నారు. ఆ సంగతి దాచలేదు. ప్రభు 1987లో రాసిన పుస్తకాన్ని నేడు పడమటి దేశాల ఉపాధ్యాయులూ చదువుతున్నారు. మనం నేర్చుకున్నవారమే కాదు, నేర్పినవారం కూడా.

ఇప్పుడు చూడండి. నిలిచినవన్నీ ఎక్కడ పుట్టాయి? పిల్లవాడు తడబడిన తరగతిలో. నిపుణుడు వచ్చి చూశాడు, ఉపాధ్యాయుడు చూపించాడు, ఇద్దరూ కలిసి దిద్దారు. కరిగినవి ఒకరు చెప్పగా ఒకరు రాసుకున్నవి.

ఈనాడు దేశాంతరం దూరం కాదు. ఏ పల్లెటూరి మాస్టారైనా అరచేతిలోని ఫోనుతో మరో ఖండంలోని మాస్టారితో ముచ్చటించవచ్చు. రెండు తరగతుల పిల్లలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవచ్చు. సంతోషమే. అయితే ప్రతి కొత్త పథకాన్నీ వెస్ట్ గారి ప్రశ్నే అడగాలి: ఇది మధ్యలో ఆగిపోతే మాస్టారి చేతిలో మిగిలేదేమిటి? పిల్లవాడు మధ్యలో మానేస్తే వాడి చేతిలో మిగిలేదేమిటి?

మొన్న మా మిత్రుణ్ణి ఇదే అడిగాను. ఆయన ఫైలు తెరవలేదు. “శిక్షణలో మా తరగతి గురించి ఎవరూ అడగలేదండీ” అన్నారు. అడిగి ఉంటే చెప్పడానికి ఆయన దగ్గర ఇరవయ్యేళ్ళ సరుకుంది.