సర్వో కేబులుకు అంత ధర ఎందుకు?

ఇటీవల ఒక డెయిరీలో లెక్కలు చూస్తుండగా పాలకవర్గ సభ్యులొకరు, "అయ్యా, మా బావి మోటారు వైరుకంటె ఈ ప్యాకింగు యంత్రం కేబులు ధర ఎన్నో రెట్లున్నది. ఇందులో మతలబు ఏమిటి?" అని మమ్మల్ని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. సొమ్ము పాలు పోసేవారిది గదా.

బావి మోటారు మీట వేస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. సర్వో మోటారు అట్లా కాదు. ప్యాకెట్టుకు ఎంత ఫిల్ము కావలెనో అంతే లాగి ఆగుతుంది, మళ్ళీ లాగుతుంది. తాను ఎంత తిరిగినదీ వెనుకనున్న ఎన్‌కోడరు ద్వారా డ్రైవుకు ఎప్పటికప్పుడు తెలుపుతుంది. కనుక కరెంటు మోసే కేబులు ఒకటి, ఈ కబురు మోసే కేబులు మరొకటి ఉంటాయి. కొన్ని కొత్త యంత్రాలలో రెండూ ఒకే తొడుగులో వస్తున్నాయి.

డ్రైవు కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి పంపుతుంది. ఆ అలజడి కబురును చెరపకుండా కేబులులో రాగి అల్లిక ఉంటుంది. దీనినే షీల్డు అంటారు. దానిని చుట్టూ పట్టే క్లాంపుతో ఎర్తుకు బిగించవలెను. జడలా మెలిపెట్టి స్క్రూ కింద దోపితే ప్రయోజనం చాలావరకు పోతుంది.

మరొక డెయిరీలో ఎన్‌కోడరు కేబులు తెగితే మామూలు వైరుతో అతికి టేపు చుట్టారు. యంత్రం నడిచింది. అందరూ సంతోషించారు. తరువాత ఉండి ఉండి కోత అచ్చుబొమ్మ మీద పడేది, లేదా యంత్రం మొరాయించేది. ఫిల్ము మార్చారు, మోటారు విప్పి పట్నం పంపారు. చివరకు దోషం ఆ అతుకులోనే దొరికింది. ఈలోగా పాడైన ఫిల్ము ఖరీదుతో కొత్త కేబులే వచ్చేది!

ట్రేలు పేర్చే చేయివంటి కదిలే భాగాలలో కేబులు రోజంతా వంగుతూనే ఉంటుంది. అక్కడ మామూలు కేబులు వేస్తే పైకి బాగానే కనిపిస్తూ లోపల తీగలు తెగుతాయి. వెంట్రుకలవంటి సన్నని తీగలు, రాపిడికి, నూనెకు ఓర్చే పాలీయూరితేను తొడుగు గల రకమే కావలెను. దీనిని సాధారణంగా మందానికి ఏడున్నర నుండి పది రెట్లకంటె తక్కువ వ్యాసార్థంలో వంచరాదు. పది రెట్ల లెక్కన 12 మిల్లీమీటర్ల కేబులుకు 12 సెంటీమీటర్లు. తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అదే పాటించవలెను.

కొటేషను అడిగేటప్పుడు "సర్వో కేబులు" అని మాత్రమే వ్రాస్తే చాలదు. డ్రైవు, మోటారుల మోడలు, పొడవు, కదిలేదా స్థిరమా, ఎంత వంపు అన్నవి కూడ వ్రాయవలెను.