కాటిసీను పద్యాలు ఎవరివి?

ఆల్బమ్ ఒకటి జనాదరణ పొందగానే గాయకుడు ఊరూరా కచేరీలు చేయడం నేటి వ్యాపార సూత్రం. మన పద్యనాటకానికిది కొత్తకాదు. గ్రామఫోను రికార్డుల్లో, ఆ తరువాత కేసెట్లలో హరిశ్చంద్రుడిగా డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతు విన్న జనం, అదే పద్యాన్ని ఎదుట వినాలని నాటకాలకు కదిలారు. రికార్డులో నిమిషాలకు లోబడిన రాగం, వేదికమీద 'వన్స్‌మోర్' కేకలకు లొంగి ఎంతసేపైనా సాగేది. అక్కడ శ్రోత కేవలం కొనుగోలుదారు కాడు. రాగం నిడివిని నిర్ణయించేవాడు.

అయితే ఈ ప్రయాణంలో ఒకటి జారిపోయింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో, కాటిసీనులో నటులు పాడుతూ వచ్చిన శ్మశాన పద్యాలు గుర్రం జాషువా (1895-1971)వి. కోసిగిలో నేను ఈ మాట చెబితే, "అవి హరిశ్చంద్ర పద్యాలు కదా సారూ!" అంటారు పెద్దలు. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు శ్మశానమేనన్న కవి ఆగ్రహం, రాగంలో కరిగి వట్టి వైరాగ్యమై మిగిలింది.

పద్యాన్ని ప్రజలకు చేర్చింది గాయకుడి గొంతే. ఆ ఆగ్రహాన్ని కూడా చేర్చడం విమర్శకుల బాధ్యత.