బేరములో మన సాక్ష్యము



సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనములో జ్ఞానియైన సొలొమోను మనకు ఒక బజారును చూపిస్తాడు. ఒకడు సరుకు కొనడానికి వచ్చాడు. వస్తువును చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచి, ఇది పనికిరాదన్నాడు. ధర తగ్గింది. కొన్నాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, ఎంత మంచి వస్తువును ఎంత చౌకగా కొన్నానో చూడండని నలుగురికీ చెప్పుకొంటున్నాడు.

సొలొమోను కాలమునకూ మన కాలమునకూ మధ్య సుమారు మూడు వేల ఏండ్ల దూరమున్నది. ఆ బజారు ఇప్పుడు మన అరచేతిలోని ఫోనులోకి వచ్చింది. కొనేవాడు మాత్రము మారలేదు. ఈ మాట నేను ఎవరినో దృష్టిలో పెట్టుకొని వ్రాయడము లేదు. ఆ కొనేవాడిని నేనే.

ఒక కీబోర్డు కథ

మా సంఘములో ఆరాధనకు వాడే కీబోర్డు పాడైపోయింది. క్రొత్తది కొనడానికి సంఘము దగ్గర తగినంత డబ్బు లేదు. పాత వస్తువులు అమ్మే ఆన్‌లైన్ ప్రకటనలలో వెదికాను. మా ఊరికి 20 కిలోమీటర్ల దూరములో ఒక యువకుడు 61 మీటల కీబోర్డును 9,000 రూపాయలకు పెట్టాడు. "లాస్ట్ ఎంత?" అని మెసేజి పంపించాను. నమస్కారము లేదు, పేరు లేదు. అతడు మర్యాదగా, "8,500 అండీ" అని జవాబిచ్చాడు. "5,000. ఫైనల్" అని కొట్టాను.

శుక్రవారము సాయంకాలము నేనూ నా భార్యా వెళ్ళి చూశాము. కీబోర్డు చక్కగా ఉన్నది. మీటలన్నీ పలుకుతున్నాయి. అయినా నేను, "మీటలు వదులైపోయినవి బాబూ, స్పీకరు కూడా గరగరమంటున్నది. ఈ పాత మోడలు ఇప్పుడు ఎవరు కొంటారు?" అన్నాను. అతడు తడబడ్డాడు. తానే దగ్గరకు వంగి చెవి పెట్టి విన్నాడు. చివరి అస్త్రముగా, "నేను పాస్టరును. ఇది మందిరానికే గదా, దేవుని పని" అన్నాను. 6,500కు ఇచ్చాడు.

ఆదివారము ఆరాధనలో సాక్ష్యము చెప్పాను. ఒక్క లోపము కూడా లేని కీబోర్డును ప్రభువు 6,500 రూపాయలకే దయచేశాడన్నాను. సంఘమంతా స్తోత్రము చెప్పింది. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాము. నా భార్య వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది: "ఏమండీ, శుక్రవారము ఆ అబ్బాయితో స్పీకరు గరగరమంటున్నదన్నారు. ఈ రోజు ఒక్క లోపము లేదన్నారు. ఏది నిజమండీ?"

అన్నము కలుపుతున్న నా చేయి ఆగిపోయింది. ఇరవై ఏండ్లుగా వాక్యము చెబుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు అతనికి ఫోను చేసి, నేను అబద్ధము చెప్పి ధర తగ్గించానని ఒప్పుకొన్నాను. అతడు కోపపడలేదు. "ఇంకొకాయన 8,000 ఇస్తానన్నారండీ. మీరు చర్చికి అన్నారు గదా అని మీకిచ్చాను" అన్నాడు. కాసేపు ఆగి, "అయితే స్పీకరు బాగానే ఉన్నదా అంకుల్? మీరన్న దగ్గర నుండి, నాకే సరిగా వినిపించలేదేమో అనుకొంటున్నాను" అన్నాడు. 1,500 రూపాయలు పోయినందుకంటే, తన చెవులను తానే నమ్మలేని స్థితికి అతనిని తెచ్చినందుకు నాకు ఎక్కువ సిగ్గు కలిగింది. ఆ 1,500 నా జీతములో నుండి పంపించాను. కొన్నది సంఘమే గాని, అబద్ధము నాది.

తరువాతి ఆదివారము ఈ సంగతి కూడా సంఘములో చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రమనలేదు. కాని ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురు నా దగ్గరకు వచ్చి, తమ తమ బేరముల సంగతులు చెప్పుకొన్నారు. ఇది నా ఒక్కని జబ్బు కాదని అప్పుడు తెలిసింది. అందుకే ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

బేరమాడడము పాపమా?

కాదు. క్రొత్త వస్తువు పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేసి ఉంటుంది. వాడిన వస్తువుకు అట్టి ధర ఉండదు. దాని వెల ఎంతో ఇద్దరు మనుష్యులు మాట్లాడుకొని తేల్చుకోవలసిందే.

లేవీయకాండము 25వ అధ్యాయము 14 నుండి 16 వచనములు చదవండి. అమ్మేవాడు గాని కొనేవాడు గాని ఒకరినొకరు బాధపెట్టకూడదని దేవుడు ఇద్దరికీ కలిపి ఆజ్ఞ ఇచ్చాడు. ఆ వెంటనే ధర కట్టే విధానము కూడా చెప్పాడు. సునాద సంవత్సరము వరకు ఇంకా ఎన్ని పంటలు మిగిలియున్నవో లెక్క చూడాలి. ఎక్కువ ఏండ్లు మిగిలితే ఎక్కువ వెల, తక్కువ మిగిలితే తక్కువ వెల. అనగా చేతికి వచ్చేది ఎంత ప్రయోజనమో, అంతకే ధర. పాత ఫ్రిజ్‌కైనా, పాత సైకిలుకైనా ఇంతకంటె న్యాయమైన కొలత ఏమున్నది? "ఇది ఇంకా ఎన్నాళ్ళు పని చేస్తుంది?" అని అడిగి ఆ ప్రకారము ధర మాట్లాడడము న్యాయమే. లేని లోపమును కల్పించడము అన్యాయము.

మన విశ్వాస పితరులు కూడా కొన్నారు. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర మక్పేలా పొలమును కొన్నాడు. ఎఫ్రోను 400 తులముల వెండి అన్నాడు. అబ్రాహాము అందరి ఎదుట ఆ వెండి తూచి ఇచ్చాడు (ఆదికాండము 23). యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, పత్రము వ్రాయించి, ముద్రవేసి, సాక్షులను పిలిపించాడు (యిర్మీయా 32). అరౌనా తన కళ్లమును ఊరకనే ఇస్తానంటే దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు లేని బలిని దేవునికి అర్పించనని, 50 తులముల వెండి ఇచ్చి కళ్లమును, ఎద్దులను కొన్నాడు (2 సమూయేలు 24). "దేవుని పని గదా, తగ్గించు" అన్న నా మాటను ఈ సంఘటన ప్రక్కన పెట్టి చూడండి.

అబ్రాహాము కూడా ఒకసారి గట్టిగా బేరమాడాడు. 50 నుండి 45కు, 40కి, 30కి, 20కి, చివరకు 10కి దించాడు (ఆదికాండము 18). అయితే అది తన లాభము కోసము కాదు, సొదొమలో ఇతరుల ప్రాణముల కోసము.

సంఘ చరిత్రలో ఒక మాట. 17వ శతాబ్దములో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ (1624-1691), ఆయన అనుచరులైన క్వేకర్లు బేరమే వద్దన్నారు. ఇవ్వదలచిన ధరనే మొదట చెప్పాలి, తగ్గించే ఉద్దేశముతో ఎక్కువ చెప్పడము కూడా అబద్ధమే అన్నది వారి పట్టుదల. పిల్లవానిని పంపినా పెద్దవారికిచ్చే ధరకే ఇస్తారని జనులు వారి దుకాణములను నమ్మారు. అమెరికాలో ఫిలడెల్ఫియా పట్టణములో జాన్ వానమేకర్ అనే వ్యాపారి 1861లో దుకాణము తెరచి, అందరికీ ఒకే ధర అనే పద్ధతికి పేరు తెచ్చాడు. ఆయన సండేస్కూలును కూడా నడిపించిన విశ్వాసి. మనము క్వేకర్లవలె బేరము మానకపోవచ్చును. కాని వారి భయభక్తులు మనకు పాఠమే.

తెర వెనుక మనిషి

ఆదివారము ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గాని, విజయవాడ లెనిన్ సెంటరు దగ్గర గాని పాత పుస్తకము కొనేటప్పుడు అమ్మేవాడు మన ఎదుటనే ఉంటాడు. మనము 40 అంటే అతడు 80 అంటాడు, నవ్వుతాడు, పుస్తకము వెనక్కి లాగుకొంటాడు. అతనికి బేరము తెలుసు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అయితే ఊరుకోడు.

ఫోనులో అలా కాదు. అవతల ఉన్నది వ్యాపారి కాకపోవచ్చును. ఉద్యోగము పోయి బండి అమ్ముకొనే తండ్రి కావచ్చును. భర్త చనిపోయిన తరువాత కుట్టుమిషను అమ్ముకొనే తల్లి కావచ్చును. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత వారికి బాగా తెలుసు. ముఖము కనబడదు గనుక మన వ్రేళ్ళకు ధైర్యమెక్కువ. ఎదుట నిలబడి అనలేని మాటను టైపు చేస్తాము. అవసరములో ఉన్నవాడని తెలిసి ఇంకా నొక్కడము బేరము కాదు, పిండడము.

కొనేవారికి

1. మొదట పలకరించండి, పేరు చెప్పండి. ఆ తరువాత ధర అడగండి.

2. క్రొత్తదాని ధర ఎంతో, అదే రకము పాత వస్తువులు ఎంతకు పోతున్నవో ముందే తెలుసుకోండి. మీరు నిజముగా ఇవ్వగలిగిన ధరనే చెప్పండి. సగానికి సగము అడిగి అవతలివారిని అవమానపరచవద్దు.

3. ఉన్న లోపమును చూపించి తగ్గించమనండి. లేనిదానిని కల్పించవద్దు.

4. ఫోనులో ఒప్పుకొన్న ధరను గుమ్మము దగ్గర మార్చవద్దు. ప్రకటనలో చెప్పని లోపము కనబడితే తప్ప, ఇచ్చిన మాట మాటే. అవును అంటే అవునుగా, కాదు అంటే కాదుగా ఉండాలన్నది ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:37).

5. వస్తామన్న వేళకు వెళ్ళండి. వద్దనుకొంటే వెంటనే చెప్పండి. మీ కోసము అతడు వేరొకరిని పంపివేసి ఉండవచ్చును.

అమ్మేవారికి

1. గీతలు, పగుళ్ళు, మార్చిన భాగములు ముందే చెప్పండి. లోపమును ఫోటో తీసి పెట్టండి. దొంగ త్రాసు అంటే తూకము మాత్రమే కాదు, దాచిన లోపము కూడా.

2. లేని కొనుగోలుదారుని సృష్టించి, "ఇంకొకరు ఎక్కువ ఇస్తామన్నారు" అనవద్దు.

3. మీ బండి మీద మీకున్న ప్రేమకు కొనేవాడు ధర కట్టనక్కరలేదు. దానిలో ఇంకా మిగిలియున్న పంటలనే లెక్క చూడండి.

పావురములవలె, పాములవలె

పావురమువలె నిష్కపటముగా ఉండమన్న ప్రభువు, పామువలె వివేకముగా ఉండమని కూడా చెప్పాడు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత డబ్బు పంపడము తేలికైంది, మోసము కూడా తేలికైంది. మీరు వస్తువు అమ్మకానికి పెట్టగానే ఒకడు, తాను సైనికుడనని చెప్పి, బేరమే ఆడకుండా ఒప్పుకొని, డబ్బు పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరము లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతున్నదని అర్థము. మోసపోతే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. చూడకుండా అడ్వాన్సు పంపవద్దు. సాధ్యమైతే పగటి వేళ, నలుగురు ఉండే చోట కలుసుకోండి.

పాత ఫోను కొనేటప్పుడు స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. కె, వై, ఎం అనే ఇంగ్లీషు అక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ నంబరు చేర్చి 14422కు మెసేజి పంపితే ఆ ఫోను వివరములు వస్తాయి. మరీ కారుచౌకగా వచ్చే ఫోను దొంగసొత్తేమో ఆలోచించండి. దొంగిలించినవాడే కాదు, తెలిసి కొన్నవాడూ దోషియే.

మోటారుసైకిలు అమ్మితే, ఫారం 29, ఫారం 30 నింపి రవాణా కార్యాలయములో పేరు మార్పించండి. అదే రాష్ట్రములోనైతే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో తెలియజేయాలని మోటారు వాహనముల చట్టము చెబుతున్నది. పేరు మారకముందు ప్రమాదము జరిగితే, రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. యిర్మీయా పత్రము, ముద్ర, సాక్షుల విషయములో ఎందుకు అంత జాగ్రత్త పడ్డాడో గ్రహించండి.

పిల్లలు వింటున్నారు

తలిదండ్రులారా, మనము ఫోనులో బేరమాడుతుంటే పిల్లలు ప్రక్కనే ఉంటారు. సండేస్కూలులో అబద్ధమాడవద్దని నేర్చుకొన్న బిడ్డ, ఇంటిలో నాన్న "చాలా పాతది, పనికిరాదు" అని చెప్పి తెచ్చిన వస్తువును అమ్మతో కలిసి మెచ్చుకోవడము చూస్తాడు. ఏ పాఠము నిలుస్తుందో మనకు తెలియనిది కాదు.

ఇతరులు మనకు ఏమి చేయవలెనని కోరుతామో, అదే వారికి చేయమన్నాడు ప్రభువు (మత్తయి 7:12). బేరములో దీనిని పరీక్షించడము సులభము. కొన్న తరువాత ఆ వస్తువును గూర్చి మన ఇంటిలో ఏమి చెప్పుకొంటామో, అదే మాట అమ్మేవాని ఎదుట చెప్పగలిగితే చాలును.

ఆ కీబోర్డు ఇప్పటికీ మా మందిరములో మ్రోగుతున్నది. దాని స్పీకరులో గరగర లేదు. ప్రతి ఆదివారము మొదటి స్వరము వినబడగానే, దగ్గరకు వంగి చెవి పెట్టి విన్న ఆ అబ్బాయి నాకు జ్ఞాపకము వస్తాడు. ప్రభువు నన్ను క్షమించాడు. అయినా ఆ జ్ఞాపకమును తీసివేయమని నేను అడగలేదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. ఇటీవల మనము కొన్న లేక అమ్మిన వస్తువు విషయములో చెప్పిన మాటలన్నీ నిజమేనా?

2. మనము సరిదిద్దుకోవలసిన బేరము ఏదైనా ఉన్నదా? ఆ వ్యక్తి ఫోను నంబరు ఇంకా మన దగ్గర ఉన్నదా?