దండు దాటి వెళ్లినవాడి దీపావళి

పాతకాలపు బెంగళూరువాళ్ల లెక్కలో ఊళ్లు రెండు: ఇటు పేట, అటు దండు. నగర్తపేట అచ్చమైన పేట. బట్టల గిడ్డంగులు, బంగారు పనివాళ్ల కొట్లు, కాళికాంబ గుడి, కూతవేటు దూరంలో కరగ ఉత్సవం బయలుదేరే ధర్మరాయస్వామి గుడి. 1809లో ఇంగ్లీషువాళ్లు కంటోన్మెంటు పెట్టాక అటువైపంతా దండు అయింది. పేట అంచున ఉన్న పోలీసు స్టేషన్ను ఇప్పటికీ హలసూరు గేటు స్టేషనే అంటారు. ఆ హలసూరులోనే, చెరువు దగ్గర, మద్రాస్ సాపర్ల, అంటే సైనిక ఇంజనీర్ల, కేంద్రం ఉంది. 1780లో రెండు కంపెనీల పయనీర్లుగా పుట్టి, 1834లో బెంగళూరు చేరిన దళం అది. తెలుగువాడైనా, తమిళుడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా అందులో చేరితే సైన్యమంతా అతన్ని ‘తంబి’ అనే పిలుస్తుంది.

పేటకూ దండుకూ మధ్య దూరం ఆటోలో అరగంట కూడా ఉండదు. అయినా దండులో ఏం జరుగుతుందో పేటకు తెలిసింది తక్కువ. ఒక ఇంటి కుర్రాడికి ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో డ్యూటీ పడిందంటే వీధిలో సగంమంది అదృష్టం అంటారు, మిగతా సగం అయ్యో పాపం అంటారు. దీపావళి ముందు వారం, చీరల కొట్లు కిటకిటలాడే వేళ, ఈ రెండు మాటలూ మరీ ఎక్కువగా వినబడతాయి. రెండూ సినిమాల నుంచీ, వాట్సాప్ నుంచీ వచ్చినవే. అలాంటి అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

“పరాయి దేశంలో పండగలు గడపడం అమెరికా సైనికుల సంగతి. మనవాళ్లు సరిహద్దు దాటరు కదా?”

ఎప్పుడో దాటారు. మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. బెంగళూరు జేసీ నగర్‌లో మైసూరు లాన్సర్ల స్మారక స్తంభం ఉంది, చాలామంది దాని పక్కనుంచే రోజూ ఆఫీసుకు పోతుంటారు. ఆ రౌతులు 1914లో ఈజిప్టు చేరి సూయెజ్ కాలువ కాపలాతో మొదలుపెట్టారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని గెలిచారు. అక్టోబరు 26న అలెప్పో దగ్గర హరితాన్‌లో మళ్లీ పోరాడారు. ఆ ఏటి దసరా ఈ రెండు పోరాటాల మధ్య వచ్చి వెళ్లిపోయింది. మైసూరులో జంబూసవారీ ఊరేగింపు, వాళ్లకు సిరియా దుమ్ము.

స్వాతంత్య్రం వచ్చాక జరిగిన ముచ్చట ఇంకా విచిత్రం. 1953లో కొరియా యుద్ధం ఆగింది. కానీ 22,000 మందికి పైగా యుద్ధఖైదీలు సొంత దేశానికి తిరిగి వెళ్లం అన్నారు. వాళ్ల సంగతి తేల్చే తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు మన కొడగు జనరల్ తిమ్మయ్య. ఖైదీలకు కాపలా భారత దళానిది. తన నేలమీద మనవాళ్లు కాలు పెట్టడానికి వీల్లేదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టడంతో జవాన్లను ఇంచాన్ దగ్గర ఓడల మీదనుంచే హెలికాప్టర్లలో సైన్యరహిత మండలానికి చేరవేశారు. ఇంటికి పొమ్మన్నా పోనన్న ఖైదీలకు, ఇంటికి పోవాలని ఉన్నా పోలేని జవాన్లు కాపలా. ఆ దీపావళీ, ఆ క్రిస్మసూ కొరియా చలిలోనే గడిచాయి.

ఇప్పటిదాకా 50కి పైగా సమితి మిషన్లలో 2,90,000 మందికి పైగా భారతీయులు పనిచేశారు. ఇంత పెద్ద లెక్క మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా కూడా కాకపోవడం నాకు ఆశ్చర్యమే.

“ఏం అక్కా, మీవాడికి ఫారిన్ పోస్టింగంట గదా! ఇంక డాలర్లే డాలర్లు!”

పేటంతా వ్యాపారులే కాబట్టి ఈ అపోహను లెక్కలతోనే విప్పుదాం. 2018 జూలై నుంచి సమితి ఒక్కో సైనికుడికి నెలకు 1,428 డాలర్లు కట్టింది, తరవాత కొద్దిగా పెంచింది. ఇదే వాట్సాప్‌లో ‘జీతం’గా తిరుగుతుంటుంది. ఇది జీతం కాదు. సైనికుణ్ణి పంపిన ప్రభుత్వానికి సమితి తిరిగి చెల్లించే ఖర్చు. ఆ డబ్బు దేశ ఖజానాకు పోతుంది. సమితి నేరుగా జవాను చేతికి ఇచ్చేది రోజుకు 1.28 డాలర్లు. దానికితోడు ఆరు నెలలకోసారి 15 రోజుల వరకూ తీసుకున్న సెలవుకు రోజుకు 10.50 డాలర్లు. ఏడాది మొత్తం కూడితే సుమారు 780 డాలర్లు. నగర్తపేటలో దీపావళికి ఒక మోస్తరు పట్టుచీర కొన్నవాళ్లకు ఈ అంకె ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

మన ప్రభుత్వం తన లెక్క ప్రకారం ఇచ్చే విదేశీ భత్యం దీనికి వేరు. కాబట్టి ఇంట్లో ఉన్నప్పటికన్నా నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయన్నది నిజమే, అప్పు తీర్చుకున్నవాళ్లు, ఇంటిమీద మేడ వేసుకున్నవాళ్లు ఉండొచ్చు. అబద్ధమల్లా, దాన్ని సాఫ్ట్‌వేరు కుర్రాడి ఆన్‌సైట్ లాగా ఊహించుకోవడం.

డబ్బు గురించి ఇంకొక సంగతి ఉంది, ఇది బయట ఎవరికీ పట్టదు. దళం తనతో తెచ్చుకున్న లారీలు, జనరేటర్లు, నీరు శుద్ధిచేసే యంత్రాలకు సమితి దేశానికి అద్దె కడుతుంది, కానీ అవి పనిచేస్తున్నంతవరకే. మూడు నెలలకోసారి తనిఖీవాళ్లు వచ్చి చూస్తారు. నడవని బండికి డబ్బు రాదు. అందుకే శాంతిదళంలో సగం రోజు తుపాకీతో కాదు, పానాతో గడుస్తుంది. బ్యాటరీ, టైరు, డీజిల్ ఫిల్టరు. జనరేటరు ఆగడానికి పండగ అని చూడదు.

“సమితి నీలి టోపీ పెట్టుకుంటే ఎవరూ కాల్చరు.”

1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా తన చిన్న జట్టుతో ఎంతో పెద్ద శత్రుదళం మీద పడి ప్రాణాలిచ్చాడు. సమితి శాంతిదళ సేవలో పరమవీర చక్ర పొందినవాడు ఆయనే. 2013 డిసెంబరు 19న, క్రిస్మస్‌కు ఆరు రోజుల ముందు, దక్షిణ సూడాన్‌లోని అకోబో స్థావరం మీదికి సాయుధ యువకులు గుంపుగా వచ్చారు. లోపల తలదాచుకున్న డింకా తెగ పౌరులే వాళ్ల గురి. ఇద్దరు భారత సైనికులు చనిపోయారు. సమితి సేవలో ప్రాణాలు పోగొట్టుకున్న భారతీయులు సుమారు 180 మంది, ఇంకే దేశం కన్నా ఎక్కువ.

అయితే ప్రాణం తీసేది తుపాకీ ఒక్కటే అనుకోవడం కూడా అపోహే. మొత్తం శాంతిదళాల మరణాల్లో జబ్బులూ ప్రమాదాలూ కలిపితే దాడుల మరణాలను మించిపోతాయి. మలేరియా, బురదరోడ్డు మీద బోల్తాపడ్డ బండి, గుండె. బెంగళూరు బిషప్ కాటన్ స్కూల్లో చదివిన ఆ తిమ్మయ్యే సైన్యాధ్యక్షుడిగా రిటైరయ్యాక సైప్రస్‌లో సమితి దళానికి అధిపతిగా వెళ్లారు. 1965 డిసెంబరు 18న అక్కడే గుండెపోటుతో పోయారు. ఆయన్ను బెంగళూరుకే తెచ్చి సమాధి చేశారు.

“పాపం, పండగ పూట వాళ్లకు రొట్టెముక్కా, డబ్బా తిండీ.”

దీనికి మాత్రం పాపం అక్కర్లేదు. సమితి రేషన్ మనిషికి రోజుకు 4,500 క్యాలరీల లెక్కన ఉంటుంది, దేశాన్నిబట్టి బియ్యమో గోధుమపిండో ఇస్తారు. వంట మనవాళ్లదే, వంటసాలను మన సైన్యం ‘లంగర్’ అంటుంది. కొరత రుచిలో వస్తుంది: గోంగూర ఉండదు, కరివేపాకు ఉండదు, సరైన చింతపండు దొరకదు. సెలవునుంచి తిరిగొచ్చే జవాను సంచిలో పచ్చడి సీసా కోసం ఎదురుచూపులు అందుకే.

తిండి విషయంలో సైన్యాలు మనమనుకున్నదానికన్నా ఎక్కువే ఆలోచిస్తాయి. 1914 క్రిస్మస్‌కు బ్రిటన్ రాకుమారి మేరీ పేరుతో సైనికులకు ఇత్తడి పెట్టెల్లో కానుకలు పంపారు. ఇంగ్లీషువాడికి పొగాకు. సిక్కులకు పొగాకు తీసేసి పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. మిగతా భారతీయులకు పటికబెల్లం, మసాలాతోపాటు సిగరెట్లు. నీళ్లు మోసే భిస్తీలకు మసాలా డబ్బా, కార్డు మాత్రమే. మతాన్ని ఇంత శ్రద్ధగా గమనించినవాళ్లు హోదాను అంతకన్నా శ్రద్ధగా గమనించారన్నమాట.

“పండగ రోజు సెలవు ఇస్తారు” – “వాళ్లకు పండగే ఉండదు.”

రెండు ఎదురెదురు అపోహలు, రెంటికీ సమాధానం డ్యూటీ పట్టికలోనే ఉంది. స్వదేశంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. అయినా దీపావళికి అడిగినవాళ్లందరికీ ఇవ్వలేరు. విదేశంలో అది ఇంకా కష్టం, ఎందుకంటే స్థావరంలో ఇంతమంది ఉండి తీరాలన్న లెక్క ఉంటుంది. కాబట్టి సెలవులు ఏడాది పొడవునా విడతలుగా పడతాయి. ఒకడి వంతు ఉగాదికి, ఇంకొకడిది పండగే లేని జూన్ నెలకి. డ్యూటీ సాధారణంగా ఏడాది, అంటే సెలవులో పడ్డది తప్ప దాదాపు ప్రతి పండగా అక్కడే తగులుతుంది.

మరి ఆ రోజు ఏమవుతుంది? లెబనాన్ సంగతి చూడండి. 1998 నుంచి భారత బెటాలియన్ అక్కడి సమితి శాంతిదళం యూనిఫిల్‌లో ఉంది. మర్జయూన్ దగ్గర ఇబెల్ సఖీ గ్రామం దాని ముఖ్యస్థానం, షెబా కొండలు దాని పరిధిలోనివే. సముద్రపు ఉక్కలో పెరిగిన కుర్రాడు అక్కడ మంచు కురిసే రాత్రి పహరా కాస్తాడు. దీపావళి పొద్దున కూడా గస్తీ బండి వేళకు బయలుదేరుతుంది, పరిశీలన చౌకీలో రాసే చిట్టా ఆగదు. పూజ మాత్రం తప్పక జరుగుతుంది. మన సైన్యంలో అన్ని మతాలకూ కలిపి ‘సర్వధర్మ స్థలం’ ఉంటుంది, పండితుడో, గ్రంథీయో, మౌల్వీయో, పాద్రీయో ధర్మగురువు హోదాలో యూనిఫారం ఉద్యోగే. సాయంత్రం బడాఖానా. ఆఫీసర్లు, సుబేదార్లు, జవాన్లు ఒకేచోట తినే విందు అది. టపాసుల మాట మాత్రం అక్కడ పొసగదు. సరిహద్దు గీత పక్కన పేలుడు శబ్దం అంటే అది పండగ కాదు, పైకి రిపోర్టు వెళ్లాల్సిన సంఘటన.

క్రిస్మస్‌కు కథ తిరగబడుతుంది. సాధారణంగా హిందూ జవాన్లు గార్డు డ్యూటీ తీసుకుని క్రైస్తవ జవాన్లను ప్రార్థనకు వదులుతారు, దీపావళికి వాళ్లు ఈ బాకీ తీరుస్తారు. ఇబెల్ సఖీలో క్రైస్తవులూ ద్రూజులూ కలిసి ఉంటారు, చుట్టుపక్కల ఊళ్లలో ముస్లింలు. ఊరి పండగకు ఆహ్వానం వస్తే వెళ్లడం కూడా అక్కడ పనిలో భాగమే. నా మట్టుకు నాకు ‘పండగ లేని సైనికుడు’ కన్నా, ఎవరి పండగకైనా చొక్కా ఇస్త్రీ చేసుకునే ఈ సైనికుడే నిజానికి దగ్గరగా కనిపిస్తాడు.

“ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, దూరమెక్కడ?”

ఒకప్పుడు ఉత్తరమే దిక్కు. మన తపాలాశాఖ ఆ దళాల కోసం స్టాంపుల మీద ప్రత్యేకంగా అచ్చు కూడా వేసింది: 1953లో కొరియా దళానికి, 1962లో కాంగో దళానికి, 1965లో గాజాలో ఉన్న దళానికి నెహ్రూ బొమ్మ స్టాంపు మీద. స్టాంపులు పోగుచేసేవాళ్లు వాటికోసం ఇప్పటికీ వెతుకుతారు.

ఫోను వచ్చి ఆ ఎదురుచూపు తగ్గించింది, గడియారాన్ని మాత్రం మార్చలేదు. దక్షిణ సూడాన్‌లోని జూబాలో, కాంగోలోని గోమాలో, చలికాలంలో లెబనాన్‌లోని బేరూత్‌లో కూడా సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనక. నరకచతుర్దశి నాడు నగర్తపేట ఇంట్లో నాలుగున్నరకు నూనె పెట్టి తలంటు మొదలయ్యే వేళకు అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. జవాను నిద్రలోనో గస్తీలోనో ఉంటాడు. అతను తెల్లారి ఫోను తీసేసరికి ఇక్కడ ఇంటినిండా చుట్టాలు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఫోను మారుతూ, “బాగున్నావా నాయనా” అన్న మాటే పదిసార్లు. భార్యకు ఫోను అందేసరికి అతని డ్యూటీ వేళ. పైగా ఎక్కడున్నదీ, రేపు ఎక్కడికి వెళ్లేదీ చెప్పకూడదు, స్థావరం ఫోటోలు పెట్టకూడదు. ఇంటివాళ్లు దీన్ని దాపరికం అనుకుని నొచ్చుకుంటారు. అది నియమం.

“అయినా ఇవన్నీ మగవాళ్ల కష్టాలు.”

2007లో లైబీరియాకు వెళ్లిన సీఆర్పీఎఫ్ మహిళల దళం సమితి చరిత్రలోనే మొదటి పూర్తి మహిళా పోలీసు యూనిట్. వంతులవారీగా మారుతూ 2016 దాకా మన్రోవియా వీధుల్లో కాపలా కాసింది. 2023 జనవరిలో సూడాన్, దక్షిణ సూడాన్‌ల మధ్యనున్న అబ్యేకి మహిళా సైనికుల ప్లటూన్ వెళ్లింది. పండక్కి పిల్లల్ని ఇంట్లో వదిలివెళ్లిన తల్లిని చూసి ‘అదృష్టం’ అనేవాళ్లు పేటలో తక్కువ, ‘అదెలా వెళ్లింది’ అనేవాళ్లే ఎక్కువ. ఆ తేడా అపోహల జాబితాలోకి రాదు, అదో వేరే జబ్బు.

“లెబనాన్‌లో మనవాళ్లు శాశ్వతం.”

2025 ఆగస్టులో భద్రతామండలి యూనిఫిల్ గడువును ఆఖరిసారిగా 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది, ఆ తరవాత ఏడాదిలోగా దళాలు ఖాళీ చేయాలని చెప్పింది. ఆ చివరి క్రిస్మస్‌కు స్థావరాల్లో పని తగ్గుతుందనుకునేరు. ఒక దళం సర్దుకోవడమంటే ప్రతి బండినీ, ప్రతి జనరేటర్నీ, ప్రతి తూటానూ లెక్కపెట్టి, కడిగి, పెట్టెల్లో వేసి, సంతకాలు తీసుకుని ఓడ ఎక్కించడం.