పాత కారు కదలనప్పుడు

పాత కారు గల ఇండ్లలో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "బ్యాటరీ పోయినది." తాళపుచెవి త్రిప్పినను ఇంజను పలుకదు. ఇరుగుపొరుగువారు వచ్చి త్రోయుదురు. సాయంకాలమునకు క్రొత్త బ్యాటరీ ఇల్లు చేరును. వారము తిరుగకమునుపే మరల అదే మౌనము. అప్పుడు అనుమానము సెల్ఫు మోటారు మీదికి పోవును; అటుపిమ్మట డైనమో మీదికి. ఒకదాని వెంట ఒకటి మార్చి వేలకొలది రూపాయలు వెచ్చించిన పిదప, దోషమంతయు తుప్పుపట్టిన ఒక చిన్న బోల్టునందే ఉన్నదని తేలుట కద్దు. ధననష్టము ఒక ఎత్తు. అర్ధరాత్రమున రోగిని ఆసుపత్రికి చేర్చవలసినప్పుడు కారు మొరాయించుట మరొక ఎత్తు. కావున ఇట్టి సమయమున ఏది ముందు చూడవలెనో, ఏది తరువాత చూడవలెనో గృహస్థులు తెలిసికొనియుండుట మేలని మా తలంపు.

పాత కారు అనగా ఇచ్చట మా ఉద్దేశము అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి బండ్లు. అంబాసిడరు ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారునుండి పుట్టినది. 1950ల చివర మొదలుకొని 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైనది. పద్మిని ఇటలీ దేశపు ఫియట్ 1100 సంతతికి చెందినది. ఈ జాతి పాత పెట్రోలు బండ్లలో కంప్యూటరు లేదు. బ్యాటరీ, సెల్ఫు, డైనమో, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, వీనిని కలుపు తీగలు - విద్యుత్తు సంసారమంతయు ఇంతే. రెండు తీగలు కట్టిన ఒక చిన్న బల్బు చేతనున్నచో దోషము ఏ చోట దాగినదో ఇంటివారే చాలవరకు కనుగొనగలరు.

మొదట గ్రహింపవలసినది విద్యుత్తు నడచు త్రోవ. చెరువు నిండియున్నను తూము పూడుకొనిపోయినచో చివరి మడికి నీరందదు. అప్పుడు చెరువును నిందించి ప్రయోజనము లేదు. బ్యాటరీ చెరువు వంటిది, తీగలు కాలువలు, బిగింపులు తూములు. ఐతే ఒక భేదము కలదు. కాలువనీరు మడిలో ఇంకిపోవును. విద్యుత్తు మాత్రము బయలుదేరిన చోటికి మరల చేరవలెను. కారులో పోవు త్రోవ తీగ. తిరిగి వచ్చు త్రోవ బండి యొక్క ఇనుప శరీరమే. దీనినే మెకానిక్కులు ఎర్తు అందురు. పోవు త్రోవను అందరును చూతురు. వచ్చు త్రోవను చూచువారు అరుదు. దోషము తరచుగా అచ్చటనే ఉండును.

"హెడ్‌లైట్లు చక్కగా వెలుగుచున్నవి గదా, త్రోవ బాగుగనే ఉన్నది" అని అనేకులు భావింతురు. ఇది పొరపాటు. చిన్న లెక్క వేసి చూతము. హెడ్‌లైట్లు రెండును కలిసి సుమారు 7 లేక 8 ఆంపియరుల విద్యుత్తును మాత్రమే తీసికొనును. సెల్ఫు మోటారు ఇంజనును త్రిప్పునప్పుడు 100 ఆంపియరులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి లాగును. ఒక బిగింపులో తుప్పు చేరి ఓములో ఇరువదవ వంతు, అనగా 0.05 ఓము అడ్డు ఏర్పడినదనుకొందము. లైట్లకు ఆ అడ్డువలన పోవునది అర వోల్టు కంటెను తక్కువ; కంటికి తెలియనే తెలియదు. సెల్ఫునకు అదే అడ్డువలన పోవునది 5 వోల్టులు. 12 వోల్టులలో 5 పోగా మిగిలిన దానితో ఇంజను కదలునా? లైట్లు వెలుగుట, సెల్ఫు తిరుగకుండుట అను వింతకు కారణమిదే.

పరీక్షకు పూనుకొనుటకు ముందు కొన్ని జాగ్రత్తలు అవశ్యము పాటింపవలెను. గేరు న్యూట్రలులో ఉంచి చేతిబ్రేకు వేయుడు. చేతి ఉంగరములు, గాజులు, గడియారము తీసివేయుడు. బంగారు ఉంగరము పానాకును ఇనుపరేకునకును నడుమ చిక్కినచో క్షణములో ఎఱ్ఱగా కాలి వేలిని దహించును. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడుచుండును; అది నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును. కావున అగ్గిపుల్ల గీచి బ్యాటరీలోనికి తొంగిచూడరాదు. అందలి ఆమ్లము చేతికిగాని కంటికిగాని తగిలినచో వెంటనే నీటితో విస్తారముగా కడుగవలెను. కంటికి తగిలినచో కడిగిన పిదప వైద్యుని చూడవలెను. బ్యాటరీ విప్పునప్పుడు ఎర్తు తీగను మొదట విప్పి, బిగించునప్పుడు కడపట బిగింపవలెను. మారిస్ ఆక్స్‌ఫర్డు వంటి కొన్ని పాత బండ్లలో ఎర్తు ధనధ్రువమునకు, అనగా ప్లస్‌కు, ఉండును. అలవాటు కొలది మైనస్‌ను శరీరమునకు కలుపువారు తమ బండి తీరు ముందుగా చూచుకొనవలెను. ఈ తేడా ఎరుగక బిగించినచో కారులోని రేడియో పనికిరాకుండ పోగలదు.

ఇక బండి తానే పలుకు భాషను వినుడు. హెడ్‌లైట్లు వేసి, తాళపుచెవి త్రిప్పి, చెవియు కన్నును ఒక్కమారు నిలుపుడు. నాలుగు సూచనలలో ఒకటి కనబడును.

లైట్లు బొత్తిగా వెలుగనిచో బ్యాటరీ పూర్తిగా ఖాళీయైనదో, లేక బ్యాటరీ వద్ద బిగింపు ఊడినదో అనుకొనవలెను. లైట్లు వెలిగి, తాళము త్రిప్పగనే "టక్కు" మని మసకబారినచో బ్యాటరీ బలహీనమైయుండవలెను, లేదా బిగింపులలో అడ్డు ఉండవలెను, లేదా సెల్ఫు చిక్కుకొని ఉండవలెను. లైట్లు ఏమాత్రము మసకబారక, ఏ చప్పుడును లేనిచో సెల్ఫునకు ఆజ్ఞయే అందలేదు. తాళపు స్విచ్చును, సొలినాయిడును, వానికి పోవు సన్నని తీగను చూడవలెను. సెల్ఫు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొననిచో బ్యాటరీ జోలికి పోనవసరము లేదు. దోషము నిప్పురవ్వ పుట్టు చోటనో పెట్రోలు నందో ఉన్నది.

మొదటి రెండు సూచనలకు చికిత్స ఒకే చోట ఆరంభమగును. బ్యాటరీ రెండు కొనలను విప్పి, తెల్లగానో పచ్చగానో పట్టిన పొడిని వంటసోడా కలిపిన నీటితో కడుగుడు; సోడానీరు బ్యాటరీ లోపల పడనీయరాదు. ఉప్పుకాగితముతో సీసపు కొనలును, వానిని పట్టు బిగింపులును లోహము మెరయువరకు రుద్దుడు. గట్టిగా బిగించి, పైన కొంచెము వ్యాసిలైను పూయుడు. తరువాత ఎర్తు తీగ బండి శరీరమును తాకు చోట విప్పి, రంగును తుప్పును గీకి మరల బిగింపుడు. ఇంకొక తీగ కలదు. దానిని తప్పక చూడవలెను. ఇంజను రబ్బరు దిండ్లపై కూర్చుండును గనుక శరీరముతో దానికి విద్యుత్సంబంధము ఉండదు. రాగితీగలు జడవలె అల్లిన పట్టీ యొకటి ఆ రెంటిని కలుపుచుండును. అది తెగినను, వదులైనను విద్యుత్తు వేరు దారి వెదకి ఆక్సిలరేటరు కేబులు, చోకు కేబులు గుండ తిరిగి వచ్చుటకు యత్నించును. సెల్ఫు కొట్టినప్పుడు చోకు కేబులు వేడెక్కినచో ఆ పట్టీయే దోషి యని నిశ్చయింపవచ్చును.

ఏ బిగింపులో అడ్డున్నదో కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. రెండు మూడు మారులు సెల్ఫు కొట్టిన పిమ్మట తాళము తీసివేసి, ఒక్కొక్క బిగింపును చేతితో జాగ్రత్తగా తాకి చూడుడు. మంచి బిగింపు చల్లగా ఉండును. చెడ్డది వెచ్చగా తగులును. వోల్టుమీటరు గలవారు ఇంకను ఖచ్చితముగా చూడవచ్చును. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండియున్నట్లు, 12.2 చూపినచో సుమారు సగము; 12 కంటె తగ్గినచో దాదాపు ఖాళీ. ఒకరు సెల్ఫు కొట్టుచుండగా ఇంకొకరు మీటరు చూడవలెను. అప్పుడు బ్యాటరీ కొనలవద్ద 9.5 వోల్టుల క్రిందికి దిగిపోయినచో బ్యాటరీ చార్జి తగ్గినదైనను కావలెను, చెడినదైనను కావలెను. చార్జి చేయించి మరల చూచిన పిదప తీర్పు చెప్పవలెను. బ్యాటరీ వద్ద వోల్టులు నిలిచియుండి సెల్ఫు వద్ద మాత్రము పడిపోయినచో దోషము నడుమ త్రోవలో ఉన్నది. అట్టిచో క్రొత్త బ్యాటరీ కొనుట వృథా.

త్రోవ అంతయు బాగుండియు "టక్కు" మను చప్పుడు తప్ప కదలిక లేనిచో సెల్ఫు పళ్లచక్రము ఫ్లైవీలు పళ్లలో చిక్కుకొనియుండవచ్చును. తాళము పూర్తిగా తీసివేసి, చేతిబ్రేకు వదలి, టాపు గేరు వేసి, బండిని ముందునకు వెనుకకు ఊపినచో అది తరచుగా విడిపోవును.

నాలుగవ సూచనకు వత్తము. సెల్ఫు తిరుగుచున్నది, ఇంజను అందుకొనుటలేదు. వర్షాకాలమున మొదట డిస్ట్రిబ్యూటరు మూతను తీసి, లోపలను వెలుపలను పొడిగుడ్డతో తుడిచి, లోన సన్నని పగుళ్లున్నవేమో చూడుడు. కాయిలు 12 వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచును. అంతటి ఒత్తిడికి తేమపొర సైతము దారి యగును. రవ్వ ప్లగ్గునకు చేరక త్రోవలోనే జారిపోవును. తరువాత బల్బు పరీక్ష. బల్బు ఒక తీగను ఎర్తునకు తాకించి, రెండవ తీగను కాయిలుపై తాళము వైపున గల కొనకు తాకింపుడు. తాళము వేసినప్పుడు బల్బు వెలుగనిచో కాయిలునకు విద్యుత్తే రాలేదు. వెలిగినచో ఆ తీగను డిస్ట్రిబ్యూటరు వైపు కొనకు మార్చి సెల్ఫు కొట్టింపుడు. బల్బు మినుకు మినుకు మనవలెను. పాయింట్లు విడినప్పుడు వెలుగును, కలిసినప్పుడు ఆరును. ఎడతెగక వెలుగుచున్నచో పాయింట్లు కలియుటలేదు, లేక మలినమైనవి. అసలే వెలుగనిచో పాయింట్లు విడుటలేదు, లేక ఎచ్చటనో ఎర్తునకు తగులుచున్నవి. పాయింట్ల నడుమ ఎడము అంబాసిడరు పెట్రోలు ఇంజనునకు సుమారు 0.015 అంగుళము ఉండవలెను. పాయింట్లు మాటిమాటికి కాలి గుంటలు పడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. ఒక సంగతి మరువరాదు: ఇంజను ఆగియుండగా తాళము వేసి వదలినచో కాయిలు వేడెక్కి చెడిపోవును.

రాత్రి బాగున్న బ్యాటరీ ఉదయమునకు ఖాళీయగు ఇండ్లును కలవు. అచ్చట దొంగ వేరు. బండిలోని సమస్తమును ఆపి, తలుపులు మూసి, ఎర్తు తీగను విప్పి, ఆ తీగకును బ్యాటరీ కొనకును నడుమ బల్బును తగిలింపుడు. బల్బు వెలిగినచో ఎవరో విద్యుత్తును త్రాగుచున్నారన్నమాట. ఒక్కొక్క ఫ్యూజును తీసి చూచుచు పోవలెను. ఏది తీసినప్పుడు బల్బు ఆరునో ఆ దారిలోనే దొంగ కలడు. డిక్కీ దీపము, ఇరుకుకొనిపోయిన బ్రేకులైటు స్విచ్చు సామాన్య దోషులు. డైనమో గల బండ్లలో కటౌటు పాయింట్లు అతుకుకొనిపోయినచో ఇంజను ఆగిన పిమ్మట బ్యాటరీ విద్యుత్తు డైనమోలోనికి ప్రవహించి వ్యర్థమగును. ఇది ఫ్యూజులు తీసినంత మాత్రమున ఆగదు. కటౌటు తీగను విప్పి చూడవలెను.

త్రోసి నడిపించుట తాత్కాలికోపాయమే. రెండవ గేరులో త్రోసినచో డైనమో బండి తరచుగా అందుకొనును. ఆల్టర్నేటరు అమర్చిన బండికి బ్యాటరీలో కొంతయైనను శక్తి మిగిలియుండవలెను. బొత్తిగా ఖాళీయైనచో ఎంత త్రోసినను చమటయే మిగులును. వేరొక బండి నుండి విద్యుత్తు తెచ్చుకొనునప్పుడు రెండును 12 వోల్టుల బండ్లేనా, ఎర్తు రెంటికిని ఒకే ధ్రువమునకు ఉన్నదా యని చూచి, ప్లస్‌ను ప్లస్‌కే కలిపి, కడపటి బిగింపును బ్యాటరీకి దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను.

ఇంతచేసియు దోషము దొరకనిచో మెకానిక్కును పిలుచుటలో చిన్నతనము లేదు. ఐతే "బ్యాటరీ పోయినది, మార్చుము" అని చెప్పక, "లైట్లు మసకబారుటలేదు, సెల్ఫు చప్పుడు లేదు" అని మీరు చూచినది చూచినట్లు చెప్పుడు. ఆ ఒక్క మాటతో అతని పనిలో సగము తీరును. మీ ఖర్చులోను చాలభాగము తగ్గును. నెలకొకమారు బ్యాటరీలో డిస్టిల్డు వాటరు చూచి, బిగింపులను కదపి చూచుటకు పావుగంట చాలును. ఒక పానా, ఉప్పుకాగితపు ముక్క, తీగలు కట్టిన బల్బు - ఈ మూడును ఎల్లప్పుడు బండిలో ఉంచుకొనుడు. వస్తువును మార్చుటకు ముందు త్రోవను చూడవలెనన్న నియమమును పాటించు ఇంటిలో పాత కారు ఇంకను బహుకాలము నమ్మకముగా నడచును.