ఇంగ్లిష్ వస్తే సరిపోదు.. నేర్పడమూ నేర్చుకోవాలి: ఇంగ్లిష్ టీచర్ కావాలంటే ఏ చదువు, ఎక్కడ?

తుక్కుగూడ, రావిర్యాల, మహేశ్వరం వైపు కొత్త కాలనీలు పెరిగినకొద్దీ ఇంగ్లిష్ మీడియం స్కూళ్లూ పెరుగుతున్నాయి. డిగ్రీ పూర్తయిన మన ఆడపిల్లలకు దగ్గర్లో దొరికే మొదటి ఉద్యోగం చాలాసార్లు అక్కడే. ఇంటికి దగ్గర, సాయంత్రానికల్లా ఇంట్లో ఉండొచ్చు, అమ్మీ అబ్బాలకూ అభ్యంతరం ఉండదు. "పిల్ల ఇంగ్లిష్ బాగానే మాట్లాడుతుంది కదా, టీచర్‌గా చేరిపోతే సరి" అనుకుంటారు. రెండు మూడేళ్ల తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అనుభవం ఉంటుంది, అడిగిన సర్టిఫికెట్ మాత్రం ఉండదు.

ఇంగ్లిష్ రావడం ఒకటి, ఇంగ్లిష్ నేర్పడం ఇంకొకటి. రెండోదానికి వేరే చదువు ఉంది. ఆ చదువు ఏమిటి, ఎవరికి ఏ దారి సరిపోతుంది అన్నది డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి.

సెకండ్ లాంగ్వేజ్ అంటే?

ఇక్కడ సెకండ్ లాంగ్వేజ్ అంటే మార్కుల మెమోలో ఉండే రెండో భాష కాదు. ఇంట్లో మాట్లాడని, పుట్టాక నేర్చుకోవాల్సిన భాష అని అర్థం. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు మాట్లాడతారు. బడిలో అడుగుపెట్టాకే ఇంగ్లిష్ వింటారు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. 2016లో 71 స్కూళ్లతో మొదలై తర్వాత 204కు పెరిగిన మైనారిటీ గురుకులాల్లోనూ చదువు ఇంగ్లిష్‌లోనే. ఆ పిల్లలకు లెక్కలు, సైన్స్ అర్థం కావాలన్నా ముందు ఇంగ్లిష్ టీచర్ పని సరిగ్గా జరగాలి.

ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారు?

పిల్లవాడు తప్పు ఎందుకు చేస్తున్నాడో పట్టుకోవడం ఇందులో ముఖ్యమైన పాఠం. జ్వరం వస్తే తెలుగులో "నాకు జ్వరం వచ్చింది" అంటాం, ఉర్దూలో "ముఝే బుఖార్ ఆయా" అంటాం. అందుకే పిల్లవాడు ఇంగ్లిష్‌లో "ఫీవర్ కేమ్ టు మీ" అంటాడు. వాడికి తెలివి లేక కాదు, ఇంటి భాష పద్ధతినే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్నాడు. తెలుగులో, ఉర్దూలో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో మధ్యలో వస్తుంది. ఈ తేడా తెలిసిన టీచర్ కొట్టదు, తిట్టదు. రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తుంది.

ఉచ్చారణ కూడా అంతే. తెలుగు పిల్లలు బస్సు, బుక్కు అని చివర ఒక అచ్చు చేరుస్తారు. ఉర్దూ ఇళ్ల పిల్లలు చాలామంది ఇస్కూల్, ఇస్టేషన్ అని ముందు చేరుస్తారు. అయితే ఉర్దూలో "జే", "ఫే" అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఇంగ్లిష్‌లోని ఆ శబ్దాలు మన పిల్లలకు తేలిగ్గానే పలుకుతాయి. ఇంటి భాషను ఆటంకం అనుకోకుండా, దాన్నే ఆసరా చేసుకుని నేర్పడం ట్రైనింగ్ అయిన టీచర్‌కు తెలుస్తుంది.

గ్రామర్ రూల్స్ బట్టీ పట్టించడం మీద కూడా ఈ చదువు ప్రశ్న వేస్తుంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు ప్రాజెక్టు పేరుతో దక్షిణ భారత బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. పిల్లలకు రూల్స్ చెప్పకుండా రైళ్ల టైం టేబుల్, మ్యాప్ లాంటివి ఇచ్చి ఇంగ్లిష్‌లో సమాధానం వెతకమన్నారు. పని చేస్తూ ఉంటే భాష వస్తుందన్నది ఆలోచన. ఆ ప్రయోగాన్ని ఈ రంగంలో ప్రపంచమంతా ఈరోజుకీ చదువుతారు.

హైదరాబాద్‌లోనే ఉంది

ఈ శిక్షణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. భారత ప్రభుత్వం 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌ను పెట్టిందే ఇంగ్లిష్ టీచర్ల కోసం. 1972లో విదేశీ భాషలు చేరి సీఫెల్ అయింది. 2007 నుంచి సెంట్రల్ యూనివర్సిటీ. మనం ఇఫ్లూ అని పిలిచేది దీన్నే. తార్నాక దగ్గర, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉంటుంది. తుక్కుగూడ నుంచి పహాడీషరీఫ్ మీదుగా సిటీలోకి వెళ్లి చేరుకోవచ్చు. ఇంగ్లిష్ బీఎడ్ దగ్గర్నుంచి ఇంగ్లిష్ బోధనలో పీహెచ్‌డీ వరకు అక్కడ ఉన్నాయి.

ఉర్దూ మీడియంలో చదివినవారికి గచ్చిబౌలిలో మనూ, అంటే మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. 1998లో మొదలైంది. ఉర్దూ మీడియంలో బీఎడ్ ఉంది, ఎంఏ ఇంగ్లిష్ కూడా ఉంది. ఔటర్ రింగ్ రోడ్ మీదుగా అటు వెళ్లొచ్చు.

ఎవరికి ఏ దారి?

బీఎడ్: స్కూల్లో టీచర్‌గా స్థిరపడాలంటే ఇదే ప్రధానం. 2015 నుంచి రెండేళ్ల కోర్సు. అందులో దాదాపు 20 వారాలు బడిలోనే ఇంటర్న్‌షిప్ ఉంటుంది. రాష్ట్ర కాలేజీల్లో సీటుకు ఎడ్‌సెట్ రాయాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఇంగ్లిష్ మెథడాలజీ కావాలంటే డిగ్రీలో ఇంగ్లిష్ ఆప్షనల్ సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ చేసి ఉండాలి. బీకాం, బీఎస్సీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ లెక్కలోకి రాదు. అలాంటివారు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో, ఇగ్నోలోనో ఎంఏ ఇంగ్లిష్ చేసి తర్వాత బీఎడ్‌కు రావచ్చు.

ఎంఏ ఇంగ్లిష్: సాహిత్యం, భాష బాగా తెలుస్తాయి. కానీ బీఎడ్ లేకుండా ఇది ఒక్కటే ఉంటే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పనికిరాదు.

ఇంగ్లిష్ బోధనలో పీజీ, పీజీ డిప్లొమా: పాఠ్యపుస్తకాలు తయారుచేయడం, పరీక్షలు రూపొందించడం, టీచర్లకే శిక్షణ ఇవ్వడం లాంటి పనుల వైపు వెళ్లేవారికి ఉపయోగం. బీఎడ్‌కు బదులు మాత్రం కాదు.

టెట్ మరవొద్దు

బీఎడ్ తర్వాత టెట్ పేపర్-2 రాయాలి. మొత్తం 150 మార్కులు. మొదటి భాషగా ఉర్దూ ఎంచుకోవచ్చు. ఇంగ్లిష్ టీచర్ కావాలనుకునేవారు కూడా 60 మార్కులకు గణితం-సైన్స్ గానీ, సోషల్ గానీ రాయాల్సిందే. ఓసీలకు 90 మార్కులు రావాలి. బీసీలకు 75 చాలు. బీసీ-ఇ సర్టిఫికెట్ ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది కాబట్టి దాన్ని ముందే తీసి పెట్టుకోవాలి.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లకూ, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉంటే, టెట్ తప్పనిసరి అని చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది. మైనారిటీ స్కూల్లో పనిచేస్తున్నా సరే, టెట్ పాసై ఉండటమే మేలు.

గల్ఫ్, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు

దుబాయ్, సౌదీ ఉద్యోగాల పేరుతో ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ టీచింగ్ సర్టిఫికెట్ల ప్రకటనలు చాలా కనిపిస్తాయి. వీటిని పోల్చి చూడటానికి ఒక కొలత ఉంది. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా కోర్సులో కనీసం 120 గంటల శిక్షణ, అందులో నిజమైన విద్యార్థులకు 6 గంటలు పాఠం చెప్పి చూపించడం తప్పనిసరి. ఒక్క పాఠం కూడా చెప్పించకుండా వీడియోలు చూపించి ఇచ్చే సర్టిఫికెట్‌ను దీనితో సమానం అనుకోవద్దు. సెల్టా అయినా మన డీఎస్సీకి బీఎడ్ స్థానంలో చెల్లదు.

డబ్బు కట్టే ముందు

మూడు ప్రశ్నలు అడగండి. నా డిగ్రీతో ఇంగ్లిష్ మెథడాలజీకి అర్హత ఉందా? ఈ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా? కోర్సులో బడికి వెళ్లి పాఠాలు చెప్పే పని నిజంగా ఉందా, లేక హాజరు రాసుకుని పంపేస్తారా? ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతల పేజీని ఇంట్లో కూర్చుని ఒకసారి పూర్తిగా చదవండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి.

ఇప్పటికే స్కూల్లో చెబుతున్న అమ్మాయిలు ఉద్యోగం మానుకోకుండానే ఎంఏ మొదలుపెట్టొచ్చు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో బీఎడ్ రెండేళ్ల మాట కూడా ముందే మాట్లాడుకుంటే, చదువు మధ్యలో ఆగిపోకుండా ఉంటుంది.