లక్ష్మీదేవమ్మ పేరు ఎక్కడ తెగింది?

నెలకో శనివారం.. నలుగురు ప్రోగ్రామర్లు.. ఒక చిక్కుముడి

బెంగళూరు: ముళబాగిలు దగ్గర ఓ పల్లె. అక్కడో చిన్న పాల సేకరణ కేంద్రం. సరిహద్దుకు ఇటు ఊళ్ల నుంచీ, అటు ఊళ్ల నుంచీ పాలు వస్తాయి. వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే కాబట్టి బిల్లు తెలుగులోనే ఇవ్వాలని కేంద్రం నడిపేవాళ్లు అనుకున్నారు. ఆ బిల్లు ప్రోగ్రాం రాసింది అదే ఊరి కుర్రాడు. బీఎస్సీ చదివాడు. పైథాన్ సొంతంగా నేర్చుకున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

మొదటి వారం బాగానే నడిచింది. రెండో వారం ఓ పెద్దావిడ బిల్లు పట్టుకొచ్చింది. ‘ఏమి నాయనా, నా పేరుకు తోక కోసేసినావు?’ అంది. చూస్తే ‘లక్ష్మీదేవమ్’ అని ఉంది. నవ్వుకుని ఊరుకునే సంగతే. కానీ ఆ ఊళ్లో లక్ష్మీదేవమ్మలు ఇద్దరు. ఒకరు కె., ఇంకొకరు వి. ఇక్కడి పద్ధతి ప్రకారం ఇంటిపేరు పొడి అక్షరం పేరు చివర వస్తుంది. తోకతో పాటు అదీ పోయింది. బిల్లులు తారుమారై ఒకరి పాల డబ్బులు ఇంకొకరు తీసుకెళ్లారు. సభ్యత్వ నంబరు బిల్లు మీద ఉంది కదా అంటారేమో. నంబరు ఎవరు చూస్తారు? పేరే చూస్తారు. డబ్బులు మర్నాటికి సర్దుబాటయ్యాయి గానీ, కుర్రాడి పరువు మాత్రం పోయింది. పాత చేతిరాత బిల్లులే నయమన్న మాట పుట్టింది.

వాడు ముందు చేసిన పని ఈ రోజుల్లో అందరూ చేసేదే. కృత్రిమ మేధ చాట్‌ను అడిగాడు. ‘పేరు తెగిపోతోంది, పొడవు ఎలా పెంచాలి?’ అని. అది మర్యాదగా చెప్పింది. 12 ఉన్న చోట 20 పెట్టమంది. పెట్టాడు. పేరు సరిపోయింది, పక్కనున్న లీటర్ల అంకె జరిగి రూపాయల గడిలోకి వెళ్లింది. చాట్‌ది తప్పు కాదు, అడిగిన దానికి జవాబిచ్చింది. అడిగిన ప్రశ్నే వేరేది కావాలి.

బస్సెక్కి వంద కిలోమీటర్లు

బెంగళూరులో ప్రోగ్రామర్ల బృందాలు చాలా ఉన్నాయి. పైథాన్ వాడేవాళ్ల బృందం ‘బ్యాంగ్‌పైపర్స్’ 2005 నుంచి ఉంది. ఈ భాషపై ‘పైకాన్ ఇండియా’ సమ్మేళనం మొదటిసారి జరిగింది కూడా ఇక్కడే, 2009లో భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో. తర్వాత అది ఊళ్లు తిరిగింది. 2018లో హైదరాబాద్, 2019లో చెన్నై. చెన్నైలో లైనక్స్ వాడేవాళ్ల బృందం ఐఐటీ మద్రాస్ తరగతి గదిలో నెలనెలా కూర్చున్న చరిత్ర ఉంది. పెద్ద నగరాలకే పరిమితం అనుకోనక్కర్లేదు. విల్లుపురంలో ఇలాంటి బృందం పల్లె విద్యార్థులకు ఉచితంగా పాఠాలు చెబుతోంది.

అలాంటి ఓ బృందం సమావేశానికి ఈ కుర్రాడితో పాటు మేమూ వెళ్లాం. ముళబాగిలు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బస్సు. ఓ కంపెనీ వాళ్లు శనివారం ఖాళీగా ఉన్న హాలు ఇచ్చారు. ప్రవేశ రుసుం లేదు. సర్టిఫికెట్ ఇవ్వరు. ఇది రాయాల్సి వస్తోంది, ఎందుకంటే మన ఊళ్ల నుంచి బెంగళూరు వచ్చే పిల్లలకు ముందు కనిపించేవి డబ్బులు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే బోర్డులే.

మొదటి ఇద్దరి ప్రసంగాలు బీఏ చదివిన ఈ విలేకరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కుర్రాడికీ సగమే అర్థమైందట. అసలు సంగతి టీ విరామంలో జరిగింది. వాడు జేబులోంచి నలిగిన బిల్లు తీసి పక్కనున్న వ్యక్తికి చూపించాడు. ఇంగ్లిష్‌లో మొదలెట్టి, తడబడి, కన్నడంలోకి దిగి, చివరికి తెలుగులో ముగించాడు. ఎవరూ నవ్వలేదు. విన్నవాళ్లలో ఇద్దరికి తెలుగు వచ్చు కూడా.

అయిదా? పదమూడా?

‘ఈ పేరులో ఎన్ని అక్షరాలు?’ అడిగారొకరు.

‘అయిదు. ల, క్ష్మీ, దే, వ, మ్మ.’

‘నీ కంప్యూటర్‌ను అడుగు.’

అడిగితే 13 అంది. అప్పుడు వివరించారు. యూనికోడ్ పద్ధతిలో హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, ఒత్తు రావడానికి మధ్యలో పొల్లు గుర్తు ఒకటి.. దేనికది విడిగా లెక్క. మనకు ఒక్క అక్షరంగా కనిపించే ‘క్ష్మీ’ దానికి ఆరు. ‘మ్మ’ మూడు. వాడి ప్రోగ్రాం పన్నెండు దగ్గర కత్తెర వేసింది. పదమూడోది చివరి ‘మ’. అది పోయి పొల్లు మిగిలింది. పేరు తెగిన చోటు అదీ!

కన్నడ పేర్లతో ఇదే దెబ్బ తిన్న ఓ అమ్మాయి తన పరిష్కారం చెప్పింది. కత్తెర పడే చోట వెనక పొల్లు ఉన్నా, ముందు గుణింతమో పొల్లో ఉన్నా అక్కడ కోయకుండా ఆ అక్షరం మొదటికి జరగాలి. పేరు పూర్తిగా రాకపోయినా అక్షరం మాత్రం విరగదు. పది వరుసల ప్రోగ్రాం. అక్కడే రాసి ఇచ్చింది.

వెనక కుర్చీలో ఓ పెద్దాయన అప్పటిదాకా బిల్లు తిప్పి తిప్పి చూస్తున్నారు. ‘అసలు పేరు ఎందుకు కోస్తున్నావయ్యా? కాగితం చుట్టే కదా. పేరుకు ఒక వరుస, అంకెలకు ఇంకో వరుస ఇవ్వు’ అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బృందం ఎందుకంటే, మా మట్టుకు మాకు అర్థమైన జవాబు ఇదే. పుస్తకంలో జవాబు దొరుకుతుంది, చాట్‌లో ఇంకా తొందరగా దొరుకుతుంది. ‘నువ్వడిగే ప్రశ్న సరైనదేనా’ అని బిల్లు చేత్తో పట్టుకుని అడిగే మనిషి మాత్రం ఎదురుగా కూర్చుంటేనే దొరుకుతాడు. కంపెనీలో పనిచేసేవాడికి పక్క సీట్లో అలాంటి సీనియర్ ఉంటాడు. పల్లెలో ఒంటరిగా రాసుకునేవాడికి ఎవరున్నారు?

ఈ అవసరం ఇవాళ్టిది కాదు. 1955లో అమెరికాలో ఐబీఎం 704 యంత్రం తీసుకున్న కంపెనీలు ‘షేర్’ అనే సంఘం పెట్టుకున్నాయి. ఒకరితో ఒకరు పోటీపడే విమాన కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. ఒకే ప్రోగ్రాంను ప్రతి ఒక్కరూ మళ్లీ మళ్లీ రాసుకోవడం ఎందుకని వాళ్ల ఆలోచన. 1975లో కాలిఫోర్నియాలో ఓ ఇంటి గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ క్లబ్ సంగతి చాలామందికి తెలుసు. స్టీవ్ వోజ్నియాక్ తన యాపిల్-1ను చూపించింది ఆ క్లబ్ మిత్రులకే. మన దగ్గర 1990ల్లో ఇంటర్‌నెట్ నత్తనడక నడిచే రోజుల్లో లైనక్స్ కావాలంటే సీడీ ఉన్నవాడి దగ్గరకు వెళ్లాల్సిందే. అలా చేతులు మారిన సీడీల చుట్టూనే బృందాలు పుట్టాయి.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. హాలు మాట్లాడేదీ, వక్తలను వెతికేదీ ఇద్దరో ముగ్గురో. వాళ్లకు పెళ్లయినా, ఊరు మారినా బృందం సద్దుమణుగుతుంది. 2001లో బెంగళూరులో మొదలైన లైనక్స్ సమ్మేళనం 2005లో ఫాస్ డాట్ ఇన్ అని పేరు మార్చుకుని పెద్దదైంది. 2012తో ఆగిపోయింది. ఇంకో బాధ, ఉద్యోగం ఇప్పిస్తారనే ఆశతో ఒక్కసారి వచ్చి మళ్లీ కనిపించనివాళ్లు. పరిచయాల వల్ల ఉద్యోగాలు దొరికిన మాట నిజమే కానీ, దానికోసమే వెళ్తే నిరాశే. మేం వెళ్లిన రోజు ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఊళ్లకు రాత్రి తిరిగెళ్లే బస్సు సంగతి నిర్వాహకులు కాస్త ఆలోచించాలి.

కుర్రాడు ఆ రాత్రే రెండు మార్పులూ చేశాడు. రెండు నెలల తర్వాత అదే హాల్లో పది నిమిషాలు మాట్లాడమని వాడినే పిలిచారు. ‘భయమేసిందన్నా, కాళ్లు వణికాయి’ అన్నాడు మాతో. తెర మీద మొదటి బొమ్మ ఆ నలిగిన బిల్లే. హోసూరు నుంచి వచ్చిన ఓ తమిళ కుర్రాడు ప్రసంగం అయ్యాక దగ్గరకొచ్చి, రేషన్ దుకాణం జాబితాలో తనకూ ఇలాంటిదే ఏదో ఉందని ఫోను తీసి చూపించాడట. ఇద్దరూ బస్టాండు దాకా దాని గురించే మాట్లాడుకుంటూ వెళ్లారు.

లక్ష్మీదేవమ్మకు పూర్తి పేరుతో బిల్లు అందింది. అటూ ఇటూ తిప్పి చూసుకుని, ‘ఇంత చోటు ఉండాదే, మా ఆయన పేరు కూడా ఎయ్యరాదా?’ అందట.